బైబిల్ క్విజ్‌లో ఫస్ట్ ప్రైజ్ నాదే, ప్రార్థనలో మాత్రం మాట రాదు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది హనుమకొండ. వయసు ఇరవై ఆరు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. తాతల కాలం నుంచి మాది క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు బైబిల్ క్విజ్ ఎక్కడ పెట్టినా ఫస్ట్ ప్రైజ్ నాదే. అరవై ఆరు పుస్తకాల పేర్లు వెనక నుంచి ముందుకు కూడా అప్పజెప్తాను. ఇప్పుడు మా చర్చిలో సండే స్కూల్ చెప్తున్నాను. మొన్న యవ్వనస్థుల కూడికలో ప్రసంగీకుడు, "దేవుని గురించి తెలిసినవాళ్లు కాదు, దేవుణ్ణి వ్యక్తిగతంగా ఎరిగినవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను. పక్కనున్న అమ్మాయిలు ఏడుస్తున్నారు. నాకేమీ అనిపించలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. మా బాపమ్మకు అక్షరం ముక్క రాదు, పత్తి ఏరుకుంటూ దేవుడితో ముచ్చట పెడుతుంది. ఆమె ఇప్పుడు పర్కాల దగ్గర చిన్నాన్న వాళ్లింట్లో ఉంటోంది. పొలం పంపకాల్లో గొడవై, నేను కూడా చిన్నమ్మను నాలుగు మాటలన్నాను, అప్పటి నుంచి రాకపోకలు లేవు. ఇంత తెలిసీ దేవుడు తెలియకపోతే నా భక్తంతా నాటకమేనా? సండే స్కూల్ మానేయమంటారా? 
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: సండే స్కూల్ మానకమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నువ్వు అడిగిందే 1738లో ఇంగ్లండ్ పాదిరి జాన్ వెస్లీ అడిగాడు. మన కరీంనగర్, మెదక్, నిజామాబాద్ వైపు పనిచేసిన వెస్లియన్ మిషన్‌కు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది. మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొర ఆ మిషన్ మనిషే. వెస్లీ తండ్రి పాదిరి. తాను ఆక్స్‌ఫర్డ్‌లో చదివి అక్కడే పాఠాలు చెప్పాడు. కొత్త నిబంధనను గ్రీకులో చదివేవాడు, వారానికి రెండు రోజులు ఉపవాసం ఉండేవాడు, జైల్లో ఖైదీల దగ్గరికి వెళ్లి ప్రార్థన చేసేవాడు. నీ క్విజ్ ప్రైజులు ఆయన ముందు నిలవవు. 1735లో సువార్త చెప్తానని ఓడెక్కి అమెరికాలోని జార్జియాకు బయలుదేరాడు. నడి సముద్రంలో తుఫాను పట్టుకుంది. పెద్ద తెరచాప చిరిగిపోయింది, నీళ్లు ఓడలోకి వచ్చిపడ్డాయి. ఇంగ్లీషువాళ్లు కేకలు పెడుతుంటే, అదే ఓడలో ఉన్న జర్మన్ విశ్వాసులు, మొరేవియన్లంటారు వాళ్లని, కీర్తన ఆపకుండా పాడుతూనే ఉన్నారు. గాలి తగ్గాక వాళ్లలో ఒకాయన్ని పట్టుకుని, మీకు భయం వెయ్యలేదా అని అడిగాడు వెస్లీ. లేదన్నాడు. మరి మీ ఆడవాళ్లు, పిల్లలు? వాళ్లకూ చావంటే భయం లేదన్నాడు.

ఒడ్డుకు చేరాక, 1736 ఫిబ్రవరిలో, స్పాంగెన్‌బర్గ్ అనే మొరేవియన్ పాస్టర్ సూటిగా అడిగాడు: "యేసుక్రీస్తు నీకు తెలుసా?" వెస్లీ కాసేపు తడబడి, "ఆయన లోకరక్షకుడని తెలుసు" అన్నాడు. "అది నిజమే. నిన్ను రక్షించాడని తెలుసా?" "నన్ను రక్షించడానికే చనిపోయాడని నా ఆశ." "నీ సంగతి నీకు తెలుసా?" "తెలుసు" అన్నాడు వెస్లీ. ఆ రోజు డైరీలో మాత్రం, అవి ఉత్త మాటలేమోనని భయంగా ఉందని రాసుకున్నాడు. నువ్వు ఎత్తిన చెయ్యీ, ఆయన అన్న ఆ "తెలుసు" అన్న మాటా ఒకే రకం.

ఇంగ్లండ్‌కు తిరిగొచ్చాక పీటర్ బోలర్ అనే ఇంకో మొరేవియన్‌ను అడిగాడు. నాకే విశ్వాసం లేనప్పుడు ఎదుటివాళ్లకు ఏం బోధిస్తాను, మానేయనా అని. బోలర్ ససేమిరా వద్దన్నాడు. నీకు విశ్వాసం కలిగేదాకా విశ్వాసాన్ని బోధించు, కలిగాక, కలిగింది కాబట్టి బోధిస్తావు అన్నాడు. నీకు నేనూ అదే చెప్తాను. పిల్లలకు నువ్వు చెప్పే కథ అబద్ధం కాదు కదా, నీకింకా పూర్తిగా అందలేదంతే. కాకపోతే వాళ్ల ముందు అంతా తెలిసినట్టు నటించకు. "ఈ మాట నాకూ సరిగ్గా అర్థం కాలేదురా" అని టీచర్ అన్నంత మాత్రాన పిల్లలు చెడిపోరు.

1738 మే 24 రాత్రి లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూడికకు వెస్లీ ఇష్టం లేకుండానే వెళ్లాడు. బైబిల్లోని రోమా పత్రికకు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట అక్కడ ఎవరో చదువుతున్నారు. తొమ్మిది కొట్టడానికి పావుగంట ముందు తన గుండె వింతగా వెచ్చబడిందనీ, క్రీస్తు నా పాపాలను, అవును నా పాపాలనే, తీసేశాడన్న నమ్మకం కలిగిందనీ రాసుకున్నాడు. మన ప్రసంగీకులు ఈ కథను ఇక్కడితో ఆపేసి పాట ఎత్తుకుంటారు. ఆ తర్వాతి సంగతి చెప్పరు. ఎనిమిది నెలలు తిరగకముందే, 1739 జనవరి 4న, "నేను ఇప్పుడు కూడా క్రైస్తవుణ్ణి కాను" అని అదే వెస్లీ రాసుకున్నాడు. దేవుడి మీద ప్రేమా, ఆత్మ ఇచ్చే సంతోషమూ వెతికితే తనలో కనబడలేదట. అయినా పని ఆపలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగి బోధించాడు. గుండె వెచ్చబడడం నిజమే, కానీ అది వచ్చిపోయేది. దాన్ని పట్టుకుని లెక్క కట్టుకుంటే ఆదివారం విశ్వాసి, మంగళవారం అవిశ్వాసి అన్నట్టు అవుతుంది మన బతుకు.

కాబట్టి ఆ కూడికలో ఏడుపు రాలేదని దిగులు పెట్టుకోకు. ఆ ప్రసంగీకుడు అడిగిన ప్రశ్నతో నాకు పేచీ లేదు. మంచి ప్రశ్నే. అంతమంది పిల్లల్ని కూర్చోబెట్టి, లైట్లు తగ్గించి, వెనక కీబోర్డు మెల్లగా వాయిస్తుంటే "ఇప్పుడే చెయ్యెత్తండి" అనడం మీదే నా కోపం. పక్కవాళ్లు ఎత్తితే మనమూ ఎత్తుతాం, అది మనిషి నైజం. మత్తయి ఏడో అధ్యాయం చివర ప్రభువు "మిమ్మల్ని ఎన్నడూ ఎరుగను" అన్నది ఎవరితోనో గుర్తుందా? చప్పగా ప్రార్థన చేసేవాళ్లతో కాదు. ఆయన పేరున ప్రవచించినవాళ్లతో, దయ్యాలను వెళ్లగొట్టినవాళ్లతో, అద్భుతాలు చేసినవాళ్లతో అన్నాడు.

రక్షణ పొందిన తేదీ చెప్పమంటే చెప్పలేకపోతున్నానని కూడా నీలాంటి పిల్లలు బాధపడుతుంటారు. పౌలు శిష్యుడు తిమోతికి తేదీ ఎక్కడుంది? అమ్మమ్మ లోయిలో ఉన్న విశ్వాసం, తల్లి యునీకేలో ఉన్న విశ్వాసం నీలోనూ ఉందని పౌలు రాశాడు, అంతే. విశ్వాసుల ఇంట్లో పుట్టడం తప్పేం కాదు.

ఇంత చదివింది దండగేనా అనుకుంటావేమో. అట్లా అసలే అనుకోకు. చదువు వేరు, అనుభవం వేరు, అనుభవమే చాలు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. మన పక్కనే డోర్నకల్ ఉంది. 1912లో బిషప్ అయిన అజరయ్యగారు ఆంగ్లికన్ సభలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన కాలంలో ఆ ప్రాంతపు పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది చదువుకోనివ్వని మాల, మాదిగ వాడల వాళ్లు. వాళ్లకు ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి వచ్చేదాకా నేర్పించేవారు. అది వదల్లేదు. దాంతోపాటు ఇంకొకటి చేయించేవారు. బాప్తిస్మం పొందిన మనిషి తన చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని తన నోటితో తానే అనాలి. నేర్చుకున్నదంతా ఇక తన నెత్తి మీదికి వచ్చిందన్నమాట. నీకు మొదటిది బాగా జరిగింది. రెండోది నీ చేత ఎవరూ చేయించలేదు.

ఇప్పుడు ఆ గోడ సంగతి. ఈసారి యోబు గ్రంథం చదివేటప్పుడు ఒకటి గమనించు. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ దేవుడి గురించి అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడతారు. దేవుడు న్యాయవంతుడు, పాపిని శిక్షిస్తాడు, పశ్చాత్తాపపడితే కనికరిస్తాడు. విడిగా తీసుకుంటే చాలావరకు మన పుల్పిట్ మీద వినబడే మాటలే. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఒక్కసారైనా దేవుడితో మాట్లాడరు. యోబు అట్లా కాదు. వాళ్లకు జవాబు చెప్తూ చెప్తూ మధ్యలో అటు తిరిగి దేవుణ్ణే నిలదీస్తాడు. నన్నెందుకు గురి పెట్టుకున్నావు, నా ముఖం చూడకుండా ఎందుకు దాక్కున్నావు, నేను ఉమ్మి మింగేంత సేపైనా వదలవా అంటాడు. మన కూడికలో ఎవరైనా అట్లా ప్రార్థన చేస్తే అయ్యగారు దగ్గి ఆపేస్తారు. చివరికి దేవుడు ఏమన్నాడు? నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని ఆ ముగ్గురి మీద కోపపడ్డాడు. యోబు అన్న మాటే నీ ఉత్తరానికి దగ్గరగా ఉంది: "వినికిడిచేత నిన్ను గూర్చిన వార్త నేను వింటిని, అయితే ఇప్పుడు నేను కన్నులార నిన్ను చూచుచున్నాను." ఎంత గొడవపడితే ఆ మాట దాకా వచ్చాడో చూడు.

నీ ప్రార్థన ఎట్లా ఉంటుందో నేను వినలేదు గానీ, చెప్పగలను. "పరలోకమందున్న మా ప్రియ తండ్రీ, కృపగల దేవా, గడిచిన దినమంతయు నీ రెక్కల చాటున కాపాడినందుకు స్తోత్రములు..." అక్కడి నుంచి గడగడా సాగిపోతుంది. స్కూల్లో పిల్లలు హెడ్మాస్టర్‌కు రాసే లీవ్ లెటర్ లాంటిదే అది. పేరూ, తేదీ మారతాయి, మిగతాదంతా అచ్చు. దాన్ని చదివి హెడ్మాస్టర్ నాకు దగ్గరయ్యాడని ఏ పిల్లాడూ అనుకోడు. నువ్వు ఇంట్లో ఏ భాషలో మాట్లాడతావో ఆ భాషలో మాట్లాడు. ఒకసారి ఉపవాస కూడికలో నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ప్రార్థన విన్నాను. "అయ్యా, మిర్చికి తామర పురుగు తాకింది. అప్పు సంగతి నీకెరుకే. నేనేం జెయ్యాల్నో జెప్పు" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె అయిపోగొట్టిందనుకుని ఇంకొకరు ఎత్తుకోబోయారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, ఇంకా అయిపోలేదన్నట్టు. కాసేపటికి "సరే మరి" అని కళ్లు తెరిచింది. ఆమెకు ఏం వినబడిందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. ఎదుట మనిషి ఉన్నాడనుకుంటేనే ఎవరైనా జవాబు కోసం అట్లా ఆగుతారు. మన ప్రార్థనలో ఆ ఆగడం ఉండదు, ఆమెన్ అని లేచిపోతాం.

అందుకని ఒక నెల రోజులు ఇట్లా చేసి చూడు. వ్యాఖ్యానాలు, క్విజ్ పుస్తకాలు, ఫోన్లో వచ్చే వాక్యాలు పక్కన పెట్టు. మార్కు సువార్త తీసుకో. పదహారు అధ్యాయాలే. రోజుకు ఒక్క సంఘటన చాలు. చదివాక ఇందులో నాకు తెలిసినవెన్ని అని చూడకు, అది నీకున్న జబ్బు. ఆయన ఆ మనిషితో ఎట్లా మాట్లాడాడో చూడు, ఆ తర్వాత నీకు అనిపించింది ఆయనకే చెప్పు, పైకి వినబడేట్టు. బాగుందనిపిస్తే బాగుందను. అంజూరపు చెట్టును ఎందుకు శపించావు, అప్పటికి పండ్ల కాలం కాదు కదా అని అడగాలనిపిస్తే అడుగు. ఏమీ తోచకపోతే, "నాకేమీ తోచడం లేదు, నువ్వు ఉన్నావో లేదో కూడా తెలియడం లేదు" అను. అదీ ప్రార్థనే. 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే. దాన్ని తీసెయ్యకుండా కీర్తనల్లోనే ఉంచారు.

మేడ మీదకు వెళ్లి మాట్లాడుకో. ఇంట్లోవాళ్లు వింటారేమోనన్న బెరుకు ఉండదు.

ఇంకొకటి. ఆయన నీకు తెలియడానికి ముందే నువ్వు ఆయనకు తెలుసు. ఫిలిప్పు వచ్చి పిలవకముందే, అంజూరపు చెట్టు కింద ఉన్నప్పుడే నిన్ను చూశానని నతనయేలుతో అన్నాడు ప్రభువు. దేవుణ్ణి ఎరగడమనే పని అంతా నీ నెత్తినే పడిందనుకోకు.

ఇప్పుడు నువ్వు ఉత్తరంలో అట్లా అట్లా అనేసి దాటేసిన మాట దగ్గరికి వస్తాను. చిన్నమ్మ.

జ్ఞానులు వచ్చి యూదుల రాజు ఎక్కడ పుట్టాడని అడిగితే హేరోదు శాస్త్రులను పిలిపించాడు. వాళ్లు క్షణం తడుముకోకుండా మీకా ప్రవచనం చెప్పి, బేత్లెహేము అన్నారు. ఫస్ట్ ప్రైజ్ ఆన్సర్. యెరూషలేము నుంచి బేత్లెహేము తొమ్మిది, పది కిలోమీటర్లుంటుంది. వరంగల్ స్టేషన్ నుంచి కాజీపేటకు వెళ్లినంత. ఎక్కడో తూర్పు దేశం నుంచి వచ్చినవాళ్లు వెళ్లారు, ఊళ్లో ఉన్న శాస్త్రులు వెళ్లినట్టు లేదు. వాళ్ల చదువులో తప్పు లేదు, అందులో ఉన్న ఊరికి బయలుదేరలేదు. హనుమకొండ నుంచి పర్కాల ఇంకాస్త దూరం, ముప్పై అయిదు కిలోమీటర్లు ఉంటుందేమో.

దేవుణ్ణి ఎరగడమంటే ఏమిటో ఆయనే తన నోటితో చెప్పిన చోటు ఒకటుంది, దాని మీద ప్రసంగాలు తక్కువ. యిర్మీయా 22. యెహోయాకీము రాజు కూలి ఇవ్వకుండా పని చేయించుకుని దేవదారు పలకలతో పెద్ద మేడ కట్టుకున్నాడు, ఎర్ర రంగు వేయించాడు. మీ నాయన యోషీయా దీనులకూ దరిద్రులకూ న్యాయం జరిగించాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కాదా అని దేవుడు అడిగాడు. అక్కడ దర్శనమూ లేదు, వెచ్చదనమూ లేదు. కూలి డబ్బుల సంగతి ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ గురించి విన్నావా? ఆమె కూడా వెస్లియన్ మిషన్‌తోనే వచ్చింది. ఊరి బయటికి గెంటేసిన మనుషుల పుండ్లు కడిగిన మనిషిని "నువ్వు దేవుణ్ణి వ్యక్తిగతంగా ఎరుగుదువా" అని అడగాలంటే నాకైతే నోరు రాదు. యోహాను కూడా మెత్తగా ఏమీ చెప్పలేదు. ప్రేమ లేనివాడు దేవుణ్ణి ఎరగడన్నాడు, కంటికి కనబడే సహోదరుణ్ణి ప్రేమించకుండా కనబడని దేవుణ్ణి ప్రేమించలేడన్నాడు.

అంటే చిన్నమ్మతో గొడవే నీ ప్రార్థనకు గోడ అయిందని నేను తేల్చి చెప్పడం లేదు. యోబు స్నేహితుల్లా మాట్లాడినట్టవుతుంది. అయినా ఆ సంగతి నువ్వే రాశావు, ఎవరూ అడగకుండా. నీ మనసులో అది ఎక్కడో కలుక్కుమంటోంది. సమూయేలు పాఠం పిల్లలకు చెప్పే ఉంటావు. మందిరంలోనే పడుకుంటూ, పరిచర్య చేస్తూ ఉన్న పిల్లవాడు. అయినా అప్పటికి అతడు యెహోవాను ఎరగడని వాక్యమే చెప్తోంది. పిలుపు వినబడిందని మనం అక్కడ పాట పాడించి ఆపేస్తాం. ఆ రాత్రి అతనికి దొరికిందేమిటి? యాజకుడు ఏలీ ఇంటి మీదికి రాబోయే శిక్ష. తెల్లారి లేచి, తనను పెంచిన ముసలాయన ముఖాన ఆ మాట చెప్పాల్సి వచ్చింది. చెప్పడానికి భయపడ్డాడని కూడా రాసి ఉంది. దేవుడితో అతని మొదటి పరిచయం అట్లా ఒక కష్టమైన పనితోనే మొదలైంది.

పొలం సంగతి నువ్వు తేల్చనవసరం లేదు. అది మీ నాన్న, చిన్నాన్న, పెద్దమనుషులు కూర్చుని చూసుకునేది. మీ వాటా వదులుకోమని నేను అనను. క్షమించడమంటే కాగితాలు రాసిచ్చెయ్యడం కాదు. నువ్వు అన్న నాలుగు మాటలు మాత్రం నీవి. వాటికి నువ్వే వెళ్లాలి.

దీనికి సంబంధం లేనిది ఒకటి అడుగుతాను. ప్రార్థన ఒక్కటే చప్పగా ఉందా, లేక తిండి, నిద్ర, స్కూలు, స్నేహితులు అన్నీ చప్పగా అయ్యాయా? అన్నీ అట్లాగే ఉండి వారాలు గడుస్తుంటే అది విశ్వాసానికి సంబంధించింది కాకపోవచ్చు. ఎంజీఎం ఆసుపత్రిలోనో, తెలిసిన ఇంకెక్కడైనానో మానసిక వైద్యుణ్ణి కలువు. జ్వరానికి మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైందని ఎవరూ అనరు కదా, దీనికీ అంతే.

పర్కాల వెళ్లేటప్పుడు ఇంట్లో చెప్పి వెళ్లు, దాచి వెళితే ఇంకో గొడవవుతుంది. నాన్న వద్దంటే, పొలం ఊసెత్తను, బాపమ్మను చూసొస్తాను అను. అది నిజమే కదా. అక్కడ ముందు చిన్నమ్మతో మాట్లాడు, బాపమ్మ దగ్గర కూర్చున్నాక ఆ పని వాయిదా పడుతుంది. "పంపకాల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు చిన్నమ్మా, నేను నిన్ను అన్న మాటలు తప్పు" అంటే చాలు. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టకు. ఆమె లోపలికి రమ్మనకపోయినా, ముఖం తిప్పుకున్నా నువ్వు చెప్పాల్సింది చెప్పినట్టే. ఆ తర్వాత బాపమ్మను, ప్రార్థనలో దేవుడు ఏమీ మాట్లాడని రోజుల్లో నువ్వేం చేస్తావని అడుగు. ఆమెకూ అట్లాంటి రోజులు ఉండే ఉంటాయి. ఆమె ఏం చెప్పిందో నాకు రాయి.